గట్టి చేపలే, అయినా తొలి నెల ఎందుకు దాటవు?

సంక్షిప్తంగా: జీబ్రా డానియో, విడో టెట్రా, చెర్రీ బార్బ్ లాంటి చిన్న గుంపు చేపలను దుకాణాల్లో ‘గట్టి రకాలు’ అని అమ్ముతారు. ఆ మాట అబద్ధమేమీ కాదు. వేడినీ చలినీ ఉప్పు బోరు నీళ్లనూ ఇవి చాలావరకు ఓర్చుకుంటాయి. అయితే ఆ ఓర్పు మెల్లగా వచ్చే మార్పు వరకే. ఒక్కసారిగా మారే నీళ్లు, కంటికి కనిపించని అమ్మోనియా, గుంపు లేకపోవడం వీటిని త్వరగా దెబ్బతీస్తాయి. కొత్త తొట్టిలో మొదటి నెల ఈ మూడూ ఒకేసారి ఎదురవుతాయి.

వరి మడి నుంచి గాజు తొట్టికి

చిన్న గుంపు చేపల్లో మొదట చెప్పుకోవాల్సింది జీబ్రా డానియో. పొడవు నాలుగు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒంటి నిండా తల నుంచి తోక దాకా నీలి చారలు. విదేశీ చేప అనుకుని కొనేవాళ్లే ఎక్కువ గానీ దీని పుట్టిల్లు గంగా, బ్రహ్మపుత్ర మైదానాలు. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. మెల్లగా పారే వాగులు, చెరువు అంచులు, వరి మడుల పక్క కాలువలు దీని నివాసం. వానలు పడగానే నీరు పొలాల మీదికి పరుచుకుంటుంది, ఎండాకాలానికి అదే నీరు మోకాలి లోతు గుంటగా మిగులుతుంది. ఉత్తరాదిలో చలికాలపు రాత్రుల్లో ఆ నీళ్లు 6 డిగ్రీల దాకా చల్లబడతాయి, వేసవి మధ్యాహ్నాల్లో 38 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. ఈ రెండు కొసల మధ్య బతకడం నేర్చిన చేప కాబట్టే దీనికి గట్టిదనే పేరు వచ్చింది.

ఆ పేరు ప్రయోగశాలలకూ ఎక్కింది. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ పెంపుడు చేపల దుకాణం నుంచి తెచ్చిన జీబ్రాలతోనే జన్యు పరిశోధన మొదలుపెట్టాడు. ఆయన 1981లో ప్రచురించిన పత్రం తర్వాత ఈ చేప ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో స్థిరపడింది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి జీబ్రాలో జోడు జన్యువులు ఉన్నాయని 2013లో తేలింది. 2024లో చైనా షెన్‌జౌ-18 నౌకలో నాలుగు జీబ్రా చేపలనూ కొంత నాచు మొక్కనూ మూసిన పెట్టెలో అంతరిక్ష కేంద్రానికి పంపింది కూడా.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ చేపను ఇంత గట్టిదని నమ్మే ప్రయోగశాలలు నీటి విషయంలో మాత్రం దాని గట్టితనం మీద ఏమాత్రం ఆధారపడవు. నీళ్లను 28 డిగ్రీల దగ్గర నిలిపి, పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) అదుపులో ఉంచి, అమ్మోనియాను క్రమం తప్పకుండా పరీక్షిస్తాయి. ఇంటి తొట్టి దగ్గర జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. గట్టి చేప కదా అని నీటిని ఎవరూ చూడరు.

చెరువులో నీళ్లు 18 డిగ్రీల నుంచి 32 డిగ్రీలకు చేరడానికి వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో చేప తన కణాల పొరల్లోని కొవ్వుల కూర్పునూ ఎంజైముల పనితీరునూ కొత్త వేడికి తగ్గట్టు మార్చుకుంటుంది. అదే మార్పు ఐదు నిమిషాల్లో వస్తే శరీరానికి ఆ అవకాశం ఉండదు. ఎంత వేడిని తట్టుకోగలదన్నది ఒక లెక్క, ఎంత వేగంగా వచ్చే వేడిని తట్టుకోగలదన్నది వేరే లెక్క. అమ్మేవారు చెప్పేది మొదటిదే.

మొదటి రోజు: సంచిలో జరిగే రసాయనం

కొన్న చేపను ప్లాస్టిక్ సంచిలో ఇంటికి తెస్తారు. దారి పొడవునా చేప ఊపిరి పీలుస్తూ కార్బన్ డయాక్సైడ్‌ను, మొప్పల గుండా అమ్మోనియాను వదులుతూనే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నకొద్దీ సంచిలో నీళ్లు ఆమ్లంగా మారతాయి, పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ అమ్మోనియా పెద్దగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోయి పీహెచ్ పైకి లేస్తుంది. అప్పటిదాకా నిద్రపోయిన అమ్మోనియా అక్కడికక్కడే విషంగా మారుతుంది.

అందుకే ఎక్కువ గంటలు ప్రయాణం చేసిన చేపల విషయంలో, సంచి విప్పి గంటసేపు కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు పోసే పద్ధతి మేలు కంటే కీడే చేయవచ్చు. చెన్నై కొలత్తూరు పెంపకందారుల నుంచో కోల్‌కతా నుంచో పార్సిల్‌లో వచ్చినవి ఇలాంటివే. మూతి విప్పని సంచిని పదిహేను, ఇరవై నిమిషాలు తొట్టి నీళ్ల మీద తేలనిచ్చి వేడి సమానమయ్యాక, చేపలను వలతో తీసి తొట్టిలో వదిలి సంచి నీళ్లు పారబోయడమే వీటికి మంచిది. వీధి చివరి దుకాణం నుంచి పావుగంటలో తెచ్చినవాటికి ఈ ప్రమాదం తక్కువ. వాటికి మెల్లగా అలవాటు చేయడమే సరి, ముఖ్యంగా దుకాణంలో వాడేది కుళాయి నీళ్లై ఇంట్లో ఉన్నది బోరు నీళ్లయితే.

రెండో ముప్పు క్లోరిన్. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన దేశ ప్రమాణం. మనిషికి రక్షణ అయిన ఆ మోతాదే చేప మొప్పలను కాలుస్తుంది. వానాకాలంలో నీళ్లు బురదగా వచ్చినప్పుడు మోతాదు ఇంకా పెంచుతారు. మున్సిపల్ నీళ్లను వెడల్పాటి బకెట్లో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. అంత సమయం లేకపోతే యాంటీ క్లోరిన్ చుక్కలున్నాయి. వీటిలో సాధారణంగా ఉండే సోడియం థయోసల్ఫేట్ నిమిషాల్లో పని చేస్తుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదని చాలామంది అప్పుడే తోడిన నీళ్లను నేరుగా పోసేస్తారు. భూమి లోపలి నుంచి వచ్చిన ఆ నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. కొన్ని గంటలు గాలి తగిలితే గానీ దాని అసలు పీహెచ్ తేలదు. కాబట్టి ఆ నీళ్లనూ నిలవ ఉంచాల్సిందే.

మొదటి నెల: అమ్మోనియా లెక్క

తొలి నెలలో చేపలు చచ్చిపోవడానికి చాలావరకు కారణం అమ్మోనియానే. నీళ్లు అద్దంలా మెరుస్తూ ఉంటాయి కాబట్టి దీన్ని ఎవరూ అనుమానించరు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి తీసుకుందాం. గులకరాళ్లూ పైన వదిలిన ఖాళీ పోగా అందులో సుమారు 45 లీటర్ల నీళ్లు పడతాయి. అందులో ఎనిమిది జీబ్రాలు ఉన్నాయి. వీటన్నిటికీ రోజుకు 0.1 గ్రాము మేత చాలు, అంటే రెండు వేళ్ల సందున పట్టే చిటికెడు. మేతలో 40 శాతం మాంసకృత్తులు ఉంటే, మాంసకృత్తుల్లో నత్రజని 16 శాతం కాబట్టి, ఆ చిటికెడులో దాదాపు 6.4 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. ఇందులో ఎక్కువ భాగం, 5 మిల్లీగ్రాములు అనుకుందాం, చివరికి అమ్మోనియాగా నీళ్లలో చేరుతుంది. అంటే లీటరుకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. దాన్ని తినే బ్యాక్టీరియా లేని కొత్త తొట్టిలో పది రోజులకు ఇది 1 మిల్లీగ్రాముకు చేరుతుంది. పిల్లలు సరదాగా రోజుకు నాలుగైదు సార్లు మేత వేసే ఇంట్లో ఆ పది రోజులు రెండు మూడు రోజులకు కుదించుకుపోతాయి. తినకుండా అడుగున కుళ్లిన మేత దీనికి అదనం.

ఇప్పుడు పీహెచ్ సంగతి. ఆ 1 మిల్లీగ్రాములో ఎంత విషమన్నది పీహెచ్ మీద ఆధారపడి ఉంటుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషపూరిత రూపం 0.7 శాతమే. పీహెచ్ 8 అయితే 6.5 శాతం. 9కి చేరితే 40 శాతం దాటుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషం దాదాపు తొమ్మిది రెట్లు అవుతుందన్నమాట. చేపల పెంపకంలో లీటరుకు 0.02 మిల్లీగ్రాముల విషపూరిత అమ్మోనియాను సురక్షిత హద్దుగా లెక్కిస్తారు. పై తొట్టిలో పీహెచ్ 7 అయితే పదో రోజు కూడా చేప ఆ హద్దుకు లోపలే ఉంటుంది. పీహెచ్ 8 అయితే అదే రోజున హద్దుకు మూడు రెట్లు పైన ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు క్షార స్వభావం ఉన్నవే. ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్న ఒకే రకం చేపలు ఒక ఇంట్లో బతికి పక్క ఇంట్లో చావడం వెనక సాధారణంగా ఈ తేడానే ఉంటుంది తప్ప చేతి మహత్యం ఏమీ లేదు.

అమ్మోనియాను తీసేసే పని బ్యాక్టీరియాది. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ చాలా తక్కువ హానికరం, వారానికోసారి పాతిక శాతం నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. చిక్కల్లా ఈ బ్యాక్టీరియా పెరిగే వేగంతోనే. పాలు విరిగేలా చేసే బ్యాక్టీరియా గంటలోపే రెట్టింపు కాగలదు. ఫిల్టర్‌లో పెరిగే ఈ బ్యాక్టీరియాకు అన్నీ అనుకూలించినా దాదాపు ఒక రోజు కావాలి. అందుకే ఫిల్టర్ సిద్ధం కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మధ్యలో నైట్రైట్ పేరుకునే దశ కూడా తక్కువ ప్రమాదం కాదు. అది రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని పాడు చేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేప పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది.

‘ముందు నాలుగు జీబ్రాలు వేసి చూడండి, అవి బతికితే మిగతావి వేయొచ్చు’ అన్న సలహా పుట్టింది ఇక్కడే. జీబ్రాలు చాలాసార్లు బతుకుతాయి కూడా. కానీ ఆ నెలలో దెబ్బతిన్న మొప్పలతో మిగిలిన చేప తర్వాత వచ్చే చిన్న జబ్బుకే కూలిపోతుంది. చేపను పరీక్ష పరికరంగా వాడటం అనవసరం, ఖర్చు లెక్కలో చూసినా తెలివైన పని కాదు. చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ నెల రోజులు ఫిల్టర్ నడిపితే బ్యాక్టీరియా దానంతటదే వస్తుంది. ఇంతకంటే తొందరైన దారి, ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టిలోంచి వాడిన స్పాంజ్‌ను తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెట్టడం.

పెరిగిన బ్యాక్టీరియాను చేతులారా చంపుకునే అలవాటు ఒకటి మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. ఆదివారం వచ్చిందంటే చేపలను బకెట్లోకి తీసి, గులకరాళ్లు కడిగి, ఫిల్టర్ స్పాంజ్‌ను కుళాయి కింద పిండి, అన్నీ ఎండలో ఆరబెట్టి, కొత్త నీళ్లతో తొట్టి నింపుతారు. శుభ్రత దృష్టిలో ఇది మంచి పనిలాగే కనిపిస్తుంది. జరిగేది మాత్రం, క్లోరిన్‌తోనూ ఎండతోనూ బ్యాక్టీరియా చచ్చిపోయి తొట్టి మళ్లీ మొదటి రోజుకు చేరడం. పైగా నీరంతా ఒక్కసారిగా మారుతుంది. స్పాంజ్‌ను తొట్టిలోంచి తీసిన బకెట్ నీళ్లలోనే రెండుసార్లు పిండితే సరిపోతుంది. అది గోధుమరంగుగా ఉండటమే మంచిది.

పాత చేపలు బాగానే ఉన్నా కొత్తవి పోవడం

ఏడాది పైబడిన తొట్టిలో ఆరు చేపలు హాయిగా తిరుగుతుంటాయి. తోడుగా మరో నాలుగు తెస్తే తెల్లారేసరికి ఆ నాలుగే చస్తాయి. దుకాణదారు జబ్బు చేపలు అంటగట్టాడన్న నింద సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది. కొన్నిసార్లు అది నిజం కావచ్చు. చాలాసార్లు కారణం తొట్టిలోనే ఉంటుంది.

బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే క్రమంలో ఆమ్లం పుడుతుంది. నీళ్లలోని క్షారత ఆ ఆమ్లాన్ని మింగేస్తూ పీహెచ్ పడిపోకుండా కాపాడుతుంది. నీళ్లు మార్చకుండా ఆవిరైనంత మేరకు పోస్తూ పోతే ఈ క్షారత కరిగిపోతుంది, నైట్రేట్ పేరుకుంటుంది, పీహెచ్ నెలల తరబడి కొంచెం కొంచెంగా జారుతుంది. పాత చేపలు ఆ జారుడుతో పాటే సర్దుకుంటాయి. కొత్త చేప ఆ నీళ్లలోకి ఒక్క నిమిషంలో దిగుతుంది. ఆర్‌ఓ నీళ్లతోనే తొట్టి నింపేవారికి ఇది ఇంకా త్వరగా ఎదురవుతుంది, ఆర్‌ఓ నీళ్లలో క్షారత దాదాపు ఉండదు కాబట్టి.

బోరు నీళ్లతో పైపైన నింపేవారికి దీనికి ఎదురు సమస్య వస్తుంది. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. పోసిన ప్రతిసారీ మరికొన్ని లవణాలు చేరతాయి. వేసవి ముగిసేసరికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మొదట్లో ఉన్నదానికి చాలా దూరం పోతుంది. రెండింటికీ మందు ఒకటే: పోయడం కాకుండా మార్చడం. వారానికి నాలుగో వంతు నీళ్లు తీసి అదే మేరకు నిలవ నీళ్లు పోయాలి. నెలల తరబడి మార్చని తొట్టిలో ఒక్కరోజులో సగం నీళ్లు మార్చడం కూడా ప్రమాదమే. అప్పటిదాకా పీహెచ్ తక్కువై నిద్రపోయిన అమ్మోనియా అమాంతం విషమవుతుంది. పదో వంతుతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో మామూలు స్థితికి తేవాలి.

ఎండాకాలం, కరెంటు కోత

విదేశీ పుస్తకాలూ వీడియోలూ హీటర్ గురించి ఎక్కువ మాట్లాడతాయి. ఆదిలాబాద్‌లోనో అరకులోనో డిసెంబరు రాత్రులను వదిలేస్తే తెలుగు నేల మీద అసలు సమస్య వేడి. రామగుండంలో, కర్నూలులో బయట 44 డిగ్రీలున్న రోజున మూసిన గదిలో తొట్టి నీళ్లు 34 దాటడం వింత కాదు.

జీబ్రా ఆ వేడికి చావదు. చావు ఆక్సిజన్ దగ్గర వస్తుంది. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు, 35 డిగ్రీల్లో 7 మాత్రమే. నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతున్న సమయంలోనే చేప శరీరం దాన్ని ఎక్కువ కోరుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే అవసరం దాదాపు రెట్టింపవుతుంది. పైగా ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకూ రాత్రిపూట మొక్కలకూ అదే ఆక్సిజన్ కావాలి. మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిలో తెల్లవారుజాము అన్నిటికంటే ప్రమాదకరమైన సమయం కావడానికి కారణం ఇదే. ఆ వేళకు కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే మధ్యాహ్నమంతా తట్టుకున్న చేప పొద్దున్నే తేలుతుంది. గుండ్రటి గాజు గిన్నెలు పనికిరావనడంలోని అర్థం కూడా ఇక్కడే ఉంది. వాటిని నిండా నింపితే పైకి గాలి తగిలే వెడల్పు మూతి దగ్గర కుంచించుకుపోతుంది.

ఉపాయాలు చవకైనవే. తొట్టి నీటిమట్టాన్ని రెండంగుళాలు తగ్గించి, పైన చిన్న ఫ్యాన్ పెట్టి, మూత స్థానంలో దోమల జాలీ కడితే ఆవిరి రూపంలో వేడి పోయి నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. పొడి గాలి వీచే రాయలసీమలో, ఉత్తర తెలంగాణలో ఇది బాగా పని చేస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో అంత ఫలితం ఉండదు. జాలీ తీసేయకూడదు, జీబ్రాలు ఎగిరి బయట పడతాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండటం ఖరీదైన లైట్ల కంటే ఉపయోగం. ఐసు ముక్కలు గుమ్మరించడం మాత్రం వద్దు.

ఆరు కంటే తక్కువైతే

చిన్న చేపకు గుంపు అలంకారం కాదు, రక్షణ వ్యవస్థ. వేటాడే చేప ముందు ఒక్కటే ఉంటే దొరికే అవకాశం పూర్తిగా దానిదే. ఇరవై ఉంటే ఆ అవకాశం ఇరవైలో ఒక వంతు. ఒకే తీరుగా ఉన్న చారలు కలగలిసి కదిలితే వేటగాడి చూపు ఒక చేప మీద నిలవదు. పక్క చేప కదలికను కళ్లతోనూ, ఒంటి పక్కల ఉండే పార్శ్వ రేఖ అనే స్పర్శ వరుసతోనూ పసిగట్టి ఇవి తమ మధ్య దూరాన్ని సరిచేసుకుంటాయి.

మరో ఏర్పాటు కూడా ఉంది. గాయపడిన చేప చర్మం నుంచి ఒక రసాయనం నీళ్లలోకి వెలువడుతుందనీ, దాన్ని పసిగట్టగానే గుంపంతా బెదురుతుందనీ జంతుశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో చూపించాడు. డానియోలు, బార్బులు, టెట్రాలు అన్నీ ఈ స్వభావం ఉన్న వర్గానివే. కాబట్టి వలతో గరుకుగా పట్టి ఒక చేప పొలుసులు ఊడగొడితే బెదిరేది ఆ ఒక్కటే కాదు. ఇదే వర్గానికి గాలితిత్తిని లోచెవితో కలిపే చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, దాంతో వినికిడి చురుకు. అద్దం మీద వేలితో కొట్టడం, స్పీకర్ పక్కన తొట్టి పెట్టడం వీటికి బాధే.

ఒంటరి చేప ఈ ఏర్పాట్లేవీ లేకుండా ప్రతి నీడకూ తానే బెదరాలి. ఒత్తిడి హార్మోను ఎక్కువ కాలం ఎత్తులో ఉంటే రోగనిరోధక శక్తి తగ్గుతుంది, తెల్ల మచ్చల జబ్బు లాంటివి తేలిగ్గా పట్టుకుంటాయి. రెండు మూడే ఉంటే వేరే గొడవ. జీబ్రాల్లోనూ టైగర్ బార్బుల్లోనూ పెత్తనం ఉంటుంది. బలమైనది తరమడానికి పది చేపలుంటే ఆ వేధింపు అన్నిటి మీదా పంచుకుపోతుంది, రెండే ఉంటే రెండోదే ఎప్పుడూ బలి. అందుకే ఒకే రకానివి ఆరుకు తగ్గకూడదనీ, ఎనిమిది పది మేలనీ అంటారు. జతల లెక్కన ఐదు రకాలు తెచ్చి వేసిన తొట్టి చూడ్డానికి రంగులమయం. అందులో పది చేపలున్నా గుంపు ఒక్కటీ ఉండదు.

గుంపు పెరిగితే మురికి పెరుగుతుంది, అది తప్పదు. పై 45 లీటర్ల తొట్టికి ఒకే రకానివి ఎనిమిది నుంచి పది. రెండో రకం ఆలోచన మూడడుగుల తొట్టి వచ్చాకే.

మేత విషయం క్లుప్తంగా. జీబ్రాకూ బార్బులకూ కడుపు అనే సంచి ఉండదు, మేత నేరుగా పేగులోకి పోతుంది. ఒకేసారి ఎక్కువ పెడితే అరగకుండానే బయటికి వస్తుంది. రోజుకు రెండుసార్లు, నిమిషంలో ఖాళీ అయ్యేంత చాలు. సంక్రాంతికి ఊరెళ్లే నాలుగైదు రోజులు ఏమీ పెట్టకపోయినా ఎదిగిన చేపలకు నష్టం లేదు. పక్కింటివారికి మేత డబ్బా అప్పగించి వెళ్లడంలోనే నష్టం ఎక్కువ, పాపం వాళ్లు జాలిపడి నాలుగింతలు వేస్తారు.

ఏ నీళ్లకు ఏది గట్టిది

గట్టి చేప అన్న ముద్ర నీటిని బట్టి మారుతుంది. ఉప్పు బోరు నీళ్లలో గట్టిగా నిలిచే చేప చలి నీళ్లలో నిలవకపోవచ్చు.

బోరు నీళ్ల ఇళ్లకు జీబ్రాయే మొదటి ఎంపిక. హీటర్ అక్కర్లేదు, కఠిన జలమైనా ఫరవాలేదు. శ్రీలంక వాగుల నుంచి వచ్చిన చెర్రీ బార్బ్ రెండోది. బార్బులు మన చెరువుల్లో దొరికే పరిగెలకు దగ్గర బంధువులు. జీబ్రా అంత హడావిడి ఉండదు, మొక్కల నీడన మెల్లగా తిరుగుతుంది. టైగర్ బార్బ్ కూడా బలమైనదే గానీ పొడుగు రెక్కల గప్పీలనూ ఏంజెల్‌నూ కొరుకుతుంది. పక్కన వేరే చేప లేకుండా తమ గుంపుతో ఉంటేనే బాగుంటుంది.

విడో టెట్రా దక్షిణ అమెరికాలోని పరాగ్వే నదీ ప్రాంతానిది. టెట్రాల్లో ఇంత ఓర్పు ఉన్నది అరుదు. అసలు రంగు బూడిద, నలుపు. మార్కెట్లో గులాబీ, నీలం, పచ్చ రంగుల్లో కనిపించేవాటిలో కొన్ని రంగు ఎక్కించినవి. ఆ రంగు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, ఎక్కించే ప్రక్రియలో తగిలిన దెబ్బ మాత్రం మిగులుతుంది.

నియాన్ టెట్రాను కూడా కొందరు తేలిక చేపగా అమ్ముతారు. 1936లో లోకానికి పరిచయమైన ఈ ఎగువ అమెజాన్ చేప పుట్టింది ఆకులు నానిన మెత్తటి, ఆమ్ల జలాల్లో. ఇప్పుడు దొరికేవి చాలావరకు పెంపకం కేంద్రాల్లో పుట్టినవే కాబట్టి మున్సిపల్ నీళ్లలో సర్దుకుంటాయి. అయినా కొత్త తొట్టిలో, ఉప్పు బోరు నీళ్లలో మొదటి చేపగా ఇది తగదు. తొట్టికి ఆరు నెలలు నిండాక ఆలోచించవచ్చు.

వైట్ క్లౌడ్ మిన్నో కథ దీనికి విరుద్ధం. చైనాలోని గ్వాంగ్‌జౌ దగ్గరి కొండ వాగుల నుంచి 1932లో శాస్త్రానికి తెలిసింది. చలి దేశాల పుస్తకాలన్నీ దీన్ని గట్టి చేపల్లో గట్టిదంటాయి, హీటర్ లేకుండా బతుకుతుంది కాబట్టి. దానికి నచ్చేది 20 డిగ్రీల చుట్టుపక్కల నీళ్లు. విజయవాడ మే నెలలో దాని గట్టితనం ఎందుకూ కొరగాదు. డాలస్‌లోనో ఎడిన్‌బరోలోనో ఉన్న తెలుగు ఇంట్లో చలికాలపు గదిలో అదే చేప హాయిగా ఉంటుంది.

కాలువలో వదిలేస్తే

పెంచలేమనుకున్నప్పుడు చెరువులోనో కాలువలోనో వదిలేసి పుణ్యమనుకోవడం మామూలే. ఓర్పు ఎక్కువున్న చేప విషయంలో ఇది మరింత ఆలోచించాల్సిన సంగతి, ఎందుకంటే బయట కూడా అది బతుకుతుంది. తొట్టి శుభ్రం చేస్తుందని జీబ్రాలకు జతగా అంటగట్టే సక్కర్ చేప అడుగు పొడవుకు పైగా పెరుగుతుంది, 45 లీటర్లలో పట్టదు. తొట్టి నిండగానే బయట వదిలినవాటి సంతానమే ఇవాళ ఆంధ్ర చెరువుల్లో వలలు చించి, ‘దెయ్యం చేప’ పేరుతో రైతులను వేధిస్తోంది.

మెరిసే జీబ్రాలది ఇంకో చిక్కు. జెల్లీఫిష్ జన్యువును చొప్పించి సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో 1999 ప్రాంతంలో తయారుచేసిన ఈ రకం 2003 చివరి నుంచి అమెరికాలో అమ్మకానికి వచ్చింది. బ్రెజిల్‌లో పెంపకం కేంద్రాల నుంచి తప్పించుకుని వాగుల్లో సంతానం కంటున్నట్టు పరిశోధకులు గమనించారు. అక్కడ అది పరాయి చేప. భారత్‌లో అలా కాదు, అడవి జీబ్రాలు మన వాగుల్లోనే ఉన్నాయి. తప్పించుకున్న మెరుపు చేప వాటితో నేరుగా కలవగలదు. 1989 నాటి నిబంధనల ప్రకారం జన్యుమార్పిడి జీవులను కేంద్ర ప్రభుత్వ జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీ (జీఈఏసీ) అనుమతి లేకుండా దిగుమతి చేయడం, అమ్మడం చెల్లదు. దుకాణంలో నీలి దీపం కింద మెరుస్తూ కనిపించినా కొనకపోవడమే మంచిది. ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటిని, అవసరం లేని మరే తొట్టి చేపనైనా, తిరిగి దుకాణానికి ఇవ్వవచ్చు, పెద్ద తొట్టి ఉన్నవారికి అప్పగించవచ్చు. చచ్చిన చేపను కూడా మురుగు కాలువలో పడేయకుండా మట్టిలో పాతిపెట్టాలి, దాని ఒంట్లోని జబ్బు క్రిములు నీళ్ల వెంట పోకుండా.